పిట్టకి కళ్లెమా!

"పిట్టకి కళ్లెమేమిటే, ఇదేమన్నా జట్కా గుర్రమా?" అన్నారు మా అత్తగారు, నా చేతిలో ఉన్న సన్నటి నైలాన్ పట్టీని చూసి. నవ్వొచ్చింది గానీ ఆవిడ మాటలో తప్పేం లేదు. పెంపుడు చిలకల్ని ఆరుబయటికి తీసుకెళ్లడానికి ఈమధ్య చాలామంది ఇవి కొంటున్నారు. హార్నెస్ అంటారు. తల ఒక ఉచ్చులోంచి, రెక్కలు రెండు పక్కల్నించీ బయటికి వచ్చేలా తొడిగి, దానికున్న పొడుగాటి తాడు మనం చేత్తో పట్టుకోవాలి. పది నిమిషాల్లో తొడిగెయ్యవచ్చంటూ ఫోన్లో వీడియోలు కూడా బోలెడు. ఆ పది నిమిషాల మాటతోనే నా పేచీ అంతా.

ముందే ఒక సంగతి చెప్పాలి. మాది రామచిలుక కాదు. మన రామచిలుకని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం 1972 నాటిది. అయినా ఏ పేరంటంలోనైనా ఈ మాట అంటే సగం మంది "అవునా!" అని నోరు తెరుస్తారు. మాది కాకటీల్. ఆస్ట్రేలియా జాతి, ఇప్పుడు పంజరాల్లోనే పుట్టి పెరుగుతోంది. బరువు 100 గ్రాములకి అటూ ఇటూ. నెత్తిన కుచ్చు, బుగ్గల మీద పెళ్లికూతురికి బుగ్గచుక్క పెట్టినట్టు నారింజరంగు మచ్చలు.

ఇది మాకు రెండోది. మొదటిదాన్ని కొన్నప్పుడు కొట్లో కుర్రాడు "ఎగిరిపోకుండా చేసిస్తా మేడమ్" అని కత్తెర తీసి రెక్కల ఈకలు చకచకా కత్తిరించేశాడు. గోళ్లు తీసినట్టే, నొప్పుండదన్నాడు. నొప్పి లేని మాట నిజమే కావచ్చు. కానీ ఆ ఈకలు రాలి కొత్తవి వస్తాయి కదా! మాకది తట్టనే లేదు. రెక్కల్లేవన్న ధీమాతో మా అమ్మాయి దాన్ని భుజాన పెట్టుకుని డాబా ఎక్కింది. వీధిలో పెళ్లి ఊరేగింపు. ఒక్క టపాసు పేలింది, అంతే. ఎదురింటి కొబ్బరిచెట్టు దాకా కనిపించింది. మూడు రోజులు డాబా మీద పంజరం తలుపు తీసిపెట్టి, కొర్ర కంకులు వేలాడదీసి పిలుస్తూనే ఉన్నాం. పంజరంలో పుట్టినదానికి బయట తిండి వెతుక్కోవడం ఏం తెలుస్తుంది? పైన గద్దలు. ఆ వారమంతా మా అమ్మాయి సరిగ్గా అన్నం తినలేదు.

అందుకే రెండోదాని మీద కత్తెర పడనివ్వలేదు, హార్నెస్ తెప్పించాను. వచ్చిన రోజే వేసెయ్యాలన్న తొందర! తువ్వాలులో చుట్టి నేను పట్టుకున్నాను, మావారు తొడిగారు. నిమిషం పట్టలేదు. అది ముక్కు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే కోపం కాబోలనుకున్నాను. తర్వాత పశువుల డాక్టరుగారు చెబితే గుండె ఝల్లుమంది. పక్షులకి మనలా ఊపిరికి సాయపడే డయాఫ్రం ఉండదట. రొమ్ము ఎముక కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. ఛాతీ నొక్కి పట్టుకున్నామంటే, ముక్కు మూయకపోయినా ఊపిరి అందక ప్రాణం పోతుంది. అదృష్టం బాగుండి మాది బతికింది గానీ, 3 వారాలు నా చేతి మీదకి రాలేదు. చెయ్యి చాపితే బుస్సుమనేది. రోజూ గింజలు పెట్టే చెయ్యే కదా అని చూడలేదు, పట్టి నొక్కిన చెయ్యనే చూసింది.

ఆడపిల్లకి చెవులు కుట్టించేటప్పుడు కాళ్లూ చేతులూ పట్టుకుని "ఒక్క క్షణమే తల్లీ, అయిపోయింది" అంటామే, అదే అలవాటు మనకి అన్నిటా వస్తుంది. ఏడుపు ఆగితే మరిచిపోయిందనుకుంటాం.

మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టాం. వారం రోజులు ఆ పట్టీని గదిలో ఆ చివర బల్ల మీద ఊరికే పడేశాను. తర్వాత రోజుకో జానెడు దగ్గరికి జరుపుతూ, పక్కనే నాలుగు కొర్ర గింజలు. అది పట్టీని ముక్కుతో లాగింది, కొరికింది. కొరకనిచ్చాను. కుచ్చు నిక్కబొడుచుకుంటే బెదురుతోందని, తలకి అణిచిపెట్టి బుస కొడితే వద్దంటోందని నేర్చుకున్నది నేను. వద్దందంటే ఆ పూటకి అక్కడితో సరి. ఉచ్చుకి అవతల కంకి చూపిస్తే తనంతట తనే తల దూర్చడానికి 7 వారాలు పట్టింది. రెక్కల దగ్గర ఇంకా ఆలస్యం. బకిల్ టక్కుమన్న చప్పుడికి అదిరిపడి పది రోజులు వెనక్కి పోయాం. మొత్తం 5 నెలలు. రోజుకి ఐదే నిమిషాలు, పొయ్యి మీద పప్పు ఉడికేలోగా.

"ఈపాటికి నీకు కారు నేర్పేవాణ్ణి" అని మావారి ఎకసెక్కం. ఇది పదిహేనేళ్లు మనింట్లో ఉండే ప్రాణి. అందులో 5 నెలలు ఎక్కువా? అంత ఓపిక లేదంటారా, తప్పేం లేదు, హార్నెస్ కొనకండి. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి గదిలోనే ఎగరనివ్వండి. కాలికి గొలుసు మాత్రం వెయ్యకండి. బెదిరి ఎగిరిందంటే ఆ విసురంతా పుల్లంత కాలి మీద పడుతుంది. హార్నెస్ వేసినా తాడు చేతిలోనే ఉండాలి, పిట్టగోడకి కట్టేసి కబుర్లలో పడితే కాదు. సంక్రాంతి రోజుల్లో మాంజా భయానికి మేము దాన్ని అసలు డాబా ఎక్కించం.

మొన్న ఆదివారం సాయంత్రం పట్టీ తీసి చూపించాను. తల దగ్గరికి తెచ్చింది, ఏమనుకుందో వెనక్కి రెండడుగులు వేసి కుచ్చు అణిచేసింది. పట్టీని మేకుకి తగిలించి నేనొక్కదాన్నే డాబా ఎక్కాను. వడియాలు తీస్తున్న అత్తగారు తలెత్తి, "ఏదే నీ గుర్రం?" అన్నారు.

"ఇవాళ రానందండీ" అన్నాను.