పాయసమా, జావా? పేరును బట్టే పథ్యం

'పయస్సు' అంటే పాలు. పాలతో వండినది కనుక అది పాయసం. క్షీరాన్నమన్నా అర్థం అదే. ఉత్తరాదివారి ఖీర్ కూడా క్షీర శబ్దం నుండి పుట్టినదే. ఈ పేర్లలో బియ్యానికీ బెల్లానికీ చోటున్నా లేకపోయినా, పాలకు మాత్రం ప్రథమస్థానం ఉన్నది.

నేడు మన ఇళ్లలో జరుగుతున్నది వేరు. సగ్గుబియ్యమో, సేమియానో నీళ్లలో ఉడికించి, పంచదార పోసి, చివర అరగ్లాసు పాలు చేర్చి దానినీ పాయసమే అంటున్నాం. పయస్సుకు నీరు అనే అర్థం కూడా ఉన్నమాట నిజమే గాని, పాయసాన్ని ఆ అర్థంలో వండమని పెద్దలెవరూ చెప్పలేదు!

పండుగనాడు ఆరోగ్యవంతులు కాస్త రుచి చూస్తే నష్టం లేదు. జ్వరపడి లేచి నీరసించినవారికి 'బలానికి' అంటూ దానినే పెట్టినప్పుడు మాత్రం పేరు మనలను మోసగిస్తుంది. సగ్గుబియ్యం కర్రపెండలం నుండి తీసిన పిండిపదార్థం. దాని 100 గ్రాములలో మాంసకృత్తులు 1 గ్రామైనా ఉండవు. అరలీటరు ఆవుపాలలో సుమారు 16 గ్రాములుంటాయి. క్షీణించిన కండను నిలిపే శక్తి పాలదే.

దీనికి రెండవ పార్శ్వం కూడా ఉన్నది. జీర్ణజ్వరాలకు పాలు ఉత్తమమని చరకసంహిత చెప్పింది. కొత్తగా వచ్చిన జ్వరంలోనో, ఆయుర్వేదం పాలను నిషేధించింది. పాలతో వండిన క్షీరిక బలాన్నీ పుష్టినీ ఇస్తుందని, అయితే ఆలస్యంగా జీర్ణమవుతుందని భావప్రకాశం చెబుతుంది. కనుక జ్వరం మొదటి దినాలలో నీళ్లతో కాచిన పలుచని జావే తగినది. దానిని జావ అనే పిలుద్దాం, అందులో చిన్నతనమేమీ లేదు.

జ్వరం విడిచి, నాలుక తేటపడి, ఆకలి పుట్టిన తరువాత అసలైన పాయసం పెట్టండి. లీటరు పాలలో 75 గ్రాముల పాతబియ్యం సన్నని సెగపై మెత్తగా ఉడికించి, దించి, కాస్త చల్లారాక బెల్లం కలపాలి. వేడి మీద కలిపితే పాలు విరుగుతాయి. ఏలకుల పొడి చాలు. మొదట అరకప్పుకు మించవద్దు. మధుమేహులు వైద్యుని సలహా లేనిదే ముట్టరాదు.

రోగి ముందుంచే గిన్నెకు పేరు పెట్టేటప్పుడు గృహిణులు ఒక్కక్షణం ఆలోచించాలి. పాలున్నదే పాయసం. ఆ తేడా మరచిననాడు, బలమిచ్చామని మనం తృప్తిపడతాం. రోగి మాత్రం నీరసంగానే ఉండిపోతాడు.