యాది సరే, బండి ఏది?

బొగ్గింజన్ కూత విని పొద్దెంతయిందో చెప్పిన ఊర్లు మనవి. నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా పాకిన మీటర్ గేజి ప్యాసింజర్ మన పెద్దలకు ఇప్పటికీ యాదికున్నది. ఆ బండ్లు ఎవరో దయదలిచి ఇచ్చినవి కావు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు పట్టాలు పడ్డది నిజాం రాజ్యం సొమ్ముతోనే. 1951లో ఆ రైల్వే మొత్తం మధ్య రైల్వేలో కలిసింది.

మనం పొగ కోసం, మసి కోసం ఏడుస్తలేం. ప్రతి చిన్న స్టేషన్లో ఆగిన బండి కోసం అడుగుతున్నం. విద్యార్థి కాలేజీకి, ఉద్యోగి డ్యూటీకి, కూలి పట్నానికి పోయింది ఆ బండిలోనే. 2020లో కరోనా పేరుతో ప్యాసింజర్లు ఆగినయి. మళ్లీ నడిచినప్పుడు చాలావాటికి ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించి, 10 రూపాయల కనీస చార్జీని 30 చేసిండ్రు. 2024లో గానీ అది దిగలేదు.

చార్జీ దిగింది, సంతోషం. కానీ బండే ఆగని ఊరికి చార్జీ ఎంతయితే ఏంది? 2014లో రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం, ఎత్తేసిన హాల్టులు తెచ్చుకోలేమా? పాత ఇంజన్‌కు రంగేసి స్టేషన్ ముందర నిలబెడితే ఫొటోలకు పనికొస్తది. పొద్దుగాల డ్యూటీకి పోయేటోళ్లకు కావాల్సింది బండి. మన ఎంపీలను అడుగుదాం.