చెరువే మొదటి పాఠం

నగరంలో ఏ చెరువునైనా బాగుచేయబోతున్నారన్న వార్త రాగానే మన కళ్ళముందు ఒకే బొమ్మ కదులుతుంది: చుట్టూ నడకదారి, రంగురంగుల దీపాలు, నాలుగు బెంచీలు, ఓ మూల మిరపకాయ బజ్జీల బండి. ఇవేవీ వద్దనే మొండివాణ్ణి కాను నేను. సాయంకాలం పిల్లాపాపలతో నాలుగడుగులు వేసే చోటు ఏ పేటకైనా కావలసిందే. కాని మా ఉప్పల్, నాచారం వైపు చెరువుల మాట వచ్చినప్పుడల్లా నా మనస్సులో మరో కోరిక మెదులుతుంది. ఒక చెరువు పక్కన పిల్లలకోసం విజ్ఞానశాల ఎందుకు వుండకూడదు?

ఇది గాలిమేడ కాదు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా నక్షత్రశాలను 1985లో తెరిచారు. 1990లో దానికి తోడుగా విజ్ఞాన ప్రదర్శనశాల వచ్చింది. మన పిల్లలు ఎందరో అక్కడ తలలెత్తి గ్రహాలనూ నక్షత్రాలనూ చూసి మురిసిపోయారు. అయితే ఆ కొండ దిగి కాస్త దూరం నడిస్తే హుస్సేన్‌సాగర్. మా మనవరాలు ఓసారి అక్కడ ముక్కు మూసుకుని, "తాతయ్యా, శనిగ్రహం చుట్టూ వలయాలెందుకున్నాయో చెప్పారు గాని, ఈ నీళ్ళకీ కంపెందుకో ఎవరూ చెప్పలేదేం?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే గదా!

కుతుబ్‌షాహీల కాలంలో, పదహారో శతాబ్దంలో, తవ్వించిన సాగరం అది. దాని ఒడ్డుకు మనం చేయని అలంకారం లేదు. 1992లో నడుమ బుద్ధ విగ్రహం నిలిచింది. తరవాత లుంబినీ పార్కు వచ్చింది, నెక్లెస్ రోడ్డు వచ్చింది. నాలాల వెంట వచ్చే మురుగునూ ఫ్యాక్టరీల మడ్డినీ ఆపడం మాత్రం అంత తేలిక కాలేదు. జ్వరంతో వున్న మనిషికి పట్టుచీర కడితే చూడ్డానికి బాగానే వుంటుంది, జ్వరం మాత్రం తగ్గదు.

చెరువు జబ్బు సంగతి నిజానికి చిన్న పిల్లలకు కూడా అర్థమయ్యేదే. మన ఇళ్ళ మురుగులో, బట్టల సబ్బుపొడుల్లో మొక్కలకు బలమిచ్చే పదార్థాలున్నాయి. పొలంలో పడితే అవి ఎరువు. చెరువులో పడితే నాచూ గుర్రపుడెక్కా విజృంభిస్తాయి. అవి చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలో కరిగివున్న ప్రాణవాయువు కాస్తా ఖర్చైపోతుంది. లీటరు నీటిలో నాలుగైదు మిల్లీగ్రాముల ప్రాణవాయువుంటే చేపలు హాయిగా బతుకుతాయి. అది రెండుకు దిగిందా, తేలిపోవడం మొదలు. ఆ తరవాత మిగిలేవి కంపూ దోమలూ.

పై దేశాల్లో ఈ కథ ఎలా నడిచిందో చూడండి. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరం దగ్గర ఈరీ సరస్సులో కలిసే కయహోగా నది 1969లో అంటుకుని మండింది. నది మండడమేమిటని ఆశ్చర్యపోకండి. నీటిమీద నూనె అంతగా తేలేది. దేశమంతా సిగ్గుపడింది. 1972లో నీటిశుభ్రతకు గట్టి చట్టం వచ్చింది. ఆ సరస్సు ఒడ్డునే 1996లో పెద్ద విజ్ఞానకేంద్రం తెరిచారు. అంతటితో కథ సుఖాంతమా అంటే కాదు. పొలాల ఎరువు కొట్టుకొచ్చి విషపు నాచు పెరగడంతో 2014లో అదే సరస్సు నీరు తాగే టొలీడో నగరంలో కుళాయినీళ్ళు ముట్టవద్దని చాటవలసి వచ్చింది. చెరువును ఒకసారి బాగుచేస్తే సరిపోదు. నెల నెలా పరీక్షించే కళ్ళు కావాలి. ఆ కళ్ళను తయారుచేసే చోటే నేనడిగే విజ్ఞానశాల.

దానికి ఉప్పల్ కంటె తగిన తావు ఏదీ? ఉప్పల్ రోడ్డు మీద 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వుంది. భూమిలోపలి నీటి జాడలు తీయడం వారి పనుల్లో ఒకటి. ఆ పక్కనే కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రం. తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ. 2020లో కరోనా రోజుల్లో ఈ చివరి రెండు సంస్థల శాస్త్రజ్ఞులూ కలిసి నగరపు మురుగునీటిలో వైరస్ జాడలు లెక్కగట్టి, సుమారు 6 లక్షల 60 వేలమందికి అది సోకివుంటుందని అంచనా వేశారు. మనం ముక్కు మూసుకునే మురుగులోంచే వారు అంత సంగతి రాబట్టారన్నమాట! ఇంతమంది పండితులు పక్కింటివారై వుండగా, మన చెరువు సంగతి మన పిల్లలకు చెప్పేవారే లేకపోవడం విడ్డూరం కాదా?

ఇక నా షరతులు. మొదట చెరువులోకి వచ్చే మురుగుకు వేరే దారి చూపాలి. హైడ్రా వారు మొదటి విడతకు ఎంచుకున్న ఆరు చెరువుల్లో ఉప్పల్ నల్లచెరువు కూడా ఒకటి కనక, ఈ మాట చెప్పడానికి ఇదే సమయం. రెండవది, కట్టడమేదైనా చెరువు శిఖంలో ఒక్క గజం కూడా ఆక్రమించకూడదు. చెరువు పేరు చెప్పి చెరువును మింగే భవనం మనకొద్దు. మూడవది, లోపల పాలరాయి కంటె ముందు పనిముట్లు కావాలి: సూక్ష్మదర్శినులు, నీటి పరీక్ష సామాను, అలుగూ తూమూ ఎలా పనిచేస్తాయో, ఒక చెరువు పొంగు మరో చెరువుకు చేరి చివరికి మూసీలో ఎలా కలుస్తుందో చూపే నమూనా. వలవేసి బతికిన పెద్దలను పిలిచి, ఒకప్పుడు ఏయే చేపలు పడేవో పిల్లలకు చెప్పించాలి.

శంకుస్థాపన దాకా ఆగనక్కరలేదు కూడా. 1865లో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఒక తెల్లని పళ్ళేన్ని తాడుకు కట్టి నీటిలోకి దించి, అది ఎంత లోతున కంటికి మరుగవుతుందో కొలిచాడు. నీటి తేట తెలుసుకోవడానికి నేటికీ అదే పద్ధతి. పంతులుగారొకరు తోడుంటే, పదిమంది పిల్లలు ప్రతి నెలా గట్టుమీద నిలబడి ఆ కొలత తీసి బడి నోటుపుస్తకంలో రాయవచ్చు. ఏడాది తిరిగేసరికి, చెరువు నిజంగా బాగుపడిందో, దీపాలు మాత్రమే వెలిగాయో ఆ పుస్తకమే చెబుతుంది.