బరువెక్కిన ఉత్తరం

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలు స్వగ్రామపు కార్డు ముక్కకై ఎదురుచూసేవి. నేడు అదే ఇళ్లకు పెళ్లి ఫొటోలు, పింఛను కాగితాలు ఈ-మెయిల్లో వస్తున్నాయి. తెరవబోతే తెర బిగుసుకుపోతుంది. పింఛను గడువు మాత్రం ఆగదు.

దోషం కంప్యూటరుదే కానక్కరలేదు. ఈ-మెయిల్ పుట్టింది ఆంగ్లాక్షరాలు మోయడానికి. బొమ్మ అందులో ఎక్కాలంటే అక్షరాల వేషం వేయాలి. 1992లో వెలువడిన మైమ్ పద్ధతిలో మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. 18 మెగాబైట్ల ఫొటోలు 24కు పెరుగుతాయి: మూడు నిండు వ్యాగన్లకు ఒక ఖాళీ వ్యాగను తగిలించినట్లు!

జతపరచిన ఫైలు సాధారణంగా నొక్కేవరకు దిగదు. ఉత్తరం నడుమ అతికించిన బొమ్మలే చిక్కు. అవన్నీ దిగి, బ్రౌజరు వాటిని పేర్చేవరకు నిరీక్షణ తప్పదు.

ముందు ఆ ఉత్తరాన్ని బ్రౌజరులోని ప్రైవేటు విండోలో తెరచి చూడాలి. అక్కడ చురుగ్గా తెరుచుకుంటే, అదనంగా చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్లను అనుమానించవచ్చు. నెమ్మది లైన్లవారికి అక్కరకు వచ్చిన జీమెయిల్ సాదా హెచ్‌టిఎంఎల్ రూపాన్ని గూగుల్ 2024లో తొలగించింది, ఉంచవలసింది. ఇక పింఛను కాగితాలు పంపేవారిని వాటిని ఉత్తరంలో అతికించక, చిన్న పిడిఎఫ్‌గా జతచేయమని కోరాలి.