పదకొండు మంది, తొమ్మిది గ్రహాలు

2022 జూన్ 11న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో భారత్‌కు అఫ్గానిస్తాన్‌తో ఆసియా కప్ అర్హత మ్యాచ్ ఉంది. దానికి రెండు రోజుల ముందు భారత కోచ్ ఇగోర్ స్టిమాచ్ ఆటగాళ్ల పేర్లను ఒక జ్యోతిష్కుడికి పంపి, ఎవరికి ఆ రోజు ఎలా ఉందో అడిగారని 2023 సెప్టెంబరులో ఒక జాతీయ ఆంగ్ల దినపత్రిక రాసింది. జవాబులు కూడా బయటపెట్టింది. ఒకరికి మంచి రోజట. ఒకరు చాలా బాగా ఆడగలరట గానీ, అతి విశ్వాసం తగ్గించుకోవాలట. ఒకరికి అంతంతమాత్రపు రోజు, ఇంకొకరిని ఆ రోజుకు అసలు దించవద్దు. గ్రహబలం లేదన్న ఇద్దరు ఆటగాళ్లు తుది జట్టులో కనిపించలేదని ఆ కథనం సారాంశం. జ్యోతిష్కుణ్ణి కోచ్‌కు పరిచయం చేసింది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అప్పటి ప్రధాన కార్యదర్శేనట. జట్టులో ఉత్సాహం నింపడానికని ఒక జ్యోతిష సంస్థకు సమాఖ్య 16 లక్షల రూపాయలు చెల్లించిందని 2022లోనే వార్తలొచ్చాయి.

స్టిమాచ్ అమాయకుడేం కాదు. 1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టులో డిఫెండర్. ఆట తెలియక ఆకాశం వైపు చూశాడని అనలేం. తెలిసినవాడు కూడా ఎందుకు చూస్తాడన్నదే ఆలోచించాల్సిన విషయం.

జట్టును ముందే ఊహించడం మూఢనమ్మకం కాదు. ప్రపంచకప్ వస్తోందంటే కేరళలోని మలప్పురం టీ కొట్ల దగ్గర బ్రెజిల్ జట్టు ఒకటి, అర్జెంటీనా జట్టు ఒకటి తయారైపోతాయి. 2022 ఖతార్ పోటీలకు ఒక్కో దేశం 26 మందిని తీసుకెళ్లే వీలుండేది. ఏడాది పొడుగునా ఆ దేశం ఆడిన మ్యాచ్‌లు చూసినవాడు అందులో చాలా పేర్లు తడుముకోకుండా చెబుతాడు. అందులో గొప్పేమీ లేదు. అసలు పరీక్ష చివరి నాలుగైదు చోట్ల దగ్గర మొదలవుతుంది. గాయం నుంచి కోలుకుంటున్న పాతకాపునా, క్లబ్‌లో రాణిస్తున్న కుర్రవాణ్ణా, రెండు స్థానాల్లో ఆడగల మూడోవాణ్ణా తీసుకునేది? ఇక్కడ ఊహించేవాడు ఆడిన నిమిషాలు, ఫిట్‌నెస్, కోచ్ పద్ధతి చూసి ఒక పేరు చెబుతాడు. జాబితా వెలువడిన రోజున అతని లెక్క తప్పో ఒప్పో నలుగురి ముందూ తేలిపోతుంది. తప్పితే ఎక్కడ తప్పిందో వెతుక్కుంటాడు. ఆ ఊహకు విలువ అలా వస్తుంది.

జాతకం చెప్పేవాడికి ఈ బాధ లేదు. ‘బాగా ఆడతాడు, అతి విశ్వాసం తగ్గించుకోవాలి’ అన్న మాటే చూడండి. గోల్ కొడితే మొదటి సగం నిజమైంది, కొట్టకపోతే రెండో సగం నిజమైంది. ఏ ఫలితం వస్తే ఈ మాట అబద్ధమవుతుంది? ఏదొచ్చినా కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక్కొక్కరినీ విడివిడిగా పరిశీలించి రాశానని చెప్పి తన విద్యార్థులందరికీ ఒకే కాగితం పంచాడు. అందులో వాక్యాలు దుకాణంలో కొన్న జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. తమకు ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందరికీ సరిపోయే మాటను ప్రతివాడూ తనకోసమే చెప్పిందనుకుంటాడు. కోచ్ అయినా అంతే.

మన దేశంలోనే జరిగిన పరీక్ష ఇంకొకటి ఉంది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మహారాష్ట్రలో అంధశ్రద్ధా నిర్మూలన సమితి సహకారంతో ప్రతిభావంతులైన పిల్లలవీ, బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలవీ కలిపి 200 జాతకాలు సేకరించారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 ఇచ్చి ఏది ఏ కోవకు చెందుతుందో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా సగం ఒప్పవుతాయి. పిల్లవాడి మేధస్సులో అంత పెద్ద తేడానే కనిపెట్టలేని జాతకం, శనివారం రాత్రి ఏ మిడ్‌ఫీల్డర్ కాలు ఎలా ఆడుతుందో చెబుతుందా?

అసలు ఆ జాతకం దేని మీద నిలబడింది? పుట్టిన తేదీ మీద. తెలుగు పల్లెల్లో ఒక తరం మొత్తానికి పుట్టినరోజంటే బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు వేసిన తేదీయే. అందుకే ఆ తరంలో అంతమంది జూన్‌లో పుట్టినట్టు కనిపిస్తారు. అండర్-17 పోటీల్లో వయసు దాచే మోసాలు పెరిగి, మణికట్టుకు ఎంఆర్ఐ తీసి ఎముకల ఎదుగుదల చూసే పద్ధతి వచ్చింది. కాగితం మీది తేదీని ఫుట్‌బాల్ సంఘాలే నమ్మని చోట, ఆ కాగితం చూసి శని, కుజుడు తమ దృష్టి సవరించుకుంటారనుకోవాలి.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2004 నుంచి 2010 దాకా ఫ్రాన్స్ కోచ్‌గా ఉన్న రేమండ్ డొమెనెక్ రాశుల మీద తన నమ్మకాన్ని దాచుకోలేదు. రాబర్ట్ పిరెస్ జట్టుకు దూరం కావడానికి అతనిది వృశ్చిక రాశి కావడమూ ఒక కారణమని పత్రికలు కోడై కూశాయి. ఇద్దరికీ పడేది కాదన్న మాటా ఉంది గనుక అసలు కారణం ఏదో వాళ్లకే తెలియాలి. ఒకవేళ రాశే కారణమైతే తమాషా చూడండి. పిరెస్ పుట్టింది అక్టోబరు 29న. పాశ్చాత్యుల లెక్కలో ఆ రోజు సూర్యుడు వృశ్చికంలో ఉంటాడు, మన పంచాంగంలో తులలో ఉంటాడు. పారిస్‌లో పనికిరానివాడు కోల్‌కతాలో పనికొస్తాడన్నమాట!

అయితే పుట్టిన నెలకూ జట్టులో చోటుకూ నిజంగానే ఒక సంబంధం ఉంది. ఈ సంగతి పరిశోధకులు చాలా దేశాల్లో గమనించారు. వయసు విభాగానికి ఆగస్టు 1 గడువు తేదీ అయితే, ఆగస్టులో పుట్టిన పిల్లవాడు జులైలో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. పదేళ్ల వయసులో ఆ తేడా చిన్నది కాదు. పొడుగూ, బలమూ చూసి పెద్దవాణ్ణి ఎంపిక చేస్తారు. మంచి శిక్షణ, ఎక్కువ మ్యాచ్‌లు అతనికే దక్కుతాయి. చివరికి నిజంగానే మెరుగైన ఆటగాడవుతాడు. 1990ల చివర్లో గడువు తేదీ ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మారింది. బెల్జియంలో పరిశీలిస్తే, కుర్రాళ్ల జట్లలో ఎక్కువగా కనిపించే పుట్టిన నెలలు కూడా దాంతోపాటే జనవరి వైపు జరిగాయి. ఆకాశంలో గురుడు కదలింది లేదు. కదిలింది సంఘం వాళ్ల క్యాలెండరు. పుట్టుక ప్రభావం అనుకున్నది మనిషి గీసిన గీత ప్రభావమని ఇంతకన్నా తేటగా ఎలా తెలుస్తుంది? గీత మార్చితే అదృష్టవంతులు మారిపోయారు.

‘అయినా 2022 అర్హత పోటీల్లో గెలిచాం కదా’ అనేవారుంటారు. గెలిచాం. కంబోడియా, అఫ్గానిస్తాన్, హాంకాంగ్ మూడింటినీ ఓడించాం. మూడూ ర్యాంకుల్లో మనకన్నా కిందవే, పైగా ఆడింది సొంత గడ్డ మీద. 2024 జనవరిలో ఖతార్‌లో అసలు ఆసియా కప్ ఆడితే ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా చేతుల్లో మూడు ఓటములు, ఒక్క గోల్ లేదు. 2027 పోటీలకైతే అర్హతే దక్కలేదు. గెలుపును గ్రహాల ఖాతాలో వేసి ఓటమిని ఆటగాళ్ల ఖాతాలో వేసే పద్దు ఎక్కడైనా చెల్లుతుందా?

కాకతాళీయాలు కావాలంటే ఎన్నయినా దొరుకుతాయి. అఫ్గాన్ మ్యాచ్ జూన్ 11న. సరిగ్గా రెండేళ్లకు, 2024 జూన్ 11న, ఖతార్ చేతిలో ఓడి ప్రపంచకప్ అర్హత పోటీల నుంచి బయటపడ్డాం. భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం చూపిన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కన్నుమూసింది 1963 జూన్ 11న. జట్టులో ఆడేదీ పదకొండు మందే! ఇంత సరుకుతో ఒక శాస్త్రమే అల్లేయవచ్చు. కలవని తేదీలన్నీ వదిలేసి కలిసినవి మాత్రం ఏరుకుంటే ఏ శాస్త్రమైనా ఇలాగే పుడుతుంది.

రహీమ్ జట్టును ఎంచిన తీరు వేరు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ‘ఈ రోజుకు వద్దు’ అనడానికి అంతకన్నా గట్టి కారణం ఏ పంచాంగంలోనూ దొరకదు. వెనక ఆడించడం కష్టమని తెలిసి రహీమ్ అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు. భారత్ 2–1తో గెలిచి స్వర్ణం తెచ్చింది. ఆ నిర్ణయం తప్పే అవకాశమూ ఉంది. తప్పితే రహీమ్ జవాబు చెప్పాల్సి వచ్చేది, తన కారణం చెప్పగలిగేవారు కూడా. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఎంపిక చేసేవాడికి అన్నిటికన్నా బరువైనది జవాబుదారీతనం. ఆ బరువును దించుకోవడానికే ఆట తెలిసినవాడు కూడా గ్రహాల వైపు చూస్తాడు.

ఒక ఆటగాడు మైదానంలోకి కుడికాలు ముందు పెట్టి వస్తే, తాయెత్తు కట్టుకుంటే, అది అతని సొంత వ్యవహారం. ఎంపిక చేసేవాడు నమ్మకాన్ని ఇంకొకడి జీవనోపాధి మీద ప్రయోగించినప్పుడు అది సొంత వ్యవహారం కాదు. ‘నీ ఎడమకాలు బలహీనం’ అని పక్కన పెడితే ఆటగాడు ఏడాది సాధన చేసి తిరిగొస్తాడు. ‘నీ జాతకం బాగాలేదు’ అంటే ఏం చేస్తాడు? మళ్లీ పుట్టలేడు కదా. పుట్టుకను బట్టి మనిషికి తావు కేటాయించడం ఈ దేశానికి కొత్త కాదు. గుడిలోనూ, బావి దగ్గరా, బడిలోనూ దానితో పోరాడుతూనే ఉన్నాం. ఆట ఒక్కటే కాళ్ల సత్తా తప్ప ఇంకేదీ అడగదని నమ్మి పేదపిల్లలు మైదానానికి వస్తారు. అక్కడ కూడా పుట్టిన ఘడియ అడిగితే ఆ నమ్మకాన్ని వమ్ము చేసినట్టే.

సమాఖ్య చేయాల్సిన పని చిన్నది, ఖర్చులేనిది. జట్టును ప్రకటించిన ప్రతిసారీ, శిబిరానికి వచ్చి చోటు దక్కని ప్రతి ఆటగాడికీ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం మీద కోచ్ సంతకం ఉండాలి. రాయడానికి సిగ్గుపడే కారణంతో ఎవరినీ తీసేయకూడదు.