కొలువు మారితే ఊరు మారవలసిందేనా?

విశాఖపట్టణాన్ని గురించి 2025లో వెలువడిన వార్తలన్నీ అంకెలమయంగా సాగాయి. ఆ యేడు ఏప్రిల్‌లో రుషికొండ మీద 21 ఎకరాల పైచిలుకు భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. 1,370 కోట్ల పెట్టుబడి, 12 వేల ఉద్యోగాలు అన్నారు. ఆ వెనుకనే కాగ్నిజెంట్ సంస్థ అదే తరహా ధరకు భూమిని పొందింది. 1,583 కోట్లు, 8 వేల ఉద్యోగాలు అన్నారు. అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి ఇక్కడ కృత్రిమ మేధకు కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. ఈ సంఖ్యలను విని పులకించనివారు అరుదు. అయితే ఉద్యోగంలో చేరిన మరునాటి నుంచి ఆ ఉద్యోగి బ్రతుకు ఏ తీరున నడుస్తుంది, అతడు ఆ కొలువును విడిచి మరొక కొలువుకు పోవలసివస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న మాత్రం ఈ కోలాహలంలో వినపడలేదు. అడగవలసిన ప్రశ్న అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఏమంటే, కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేసే ఉద్యోగికి జీతం పెరిగే మార్గం ఉద్యోగంలో ఉండడం కాదు, ఉద్యోగం మానడం. బయటివారికి ఇది వింతగా తోచవచ్చు గాని ఆ వృత్తిలో ఉన్నవారికిది నిత్యానుభవం. పెద్ద కంపెనీలలో క్రొత్తగా చేరే పట్టభద్రుని జీతం పదిహేనేళ్లుగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరనే తచ్చాడుతున్నది. ఈ మధ్యకాలంలో ఇంటి అద్దెలు, బియ్యం ధరలు ఎక్కడికి పోయాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఏటేటా జరిగే అప్రైజల్ అనే తూకంలో అతనికి దక్కే పెంపు ఆ ధరలను అందుకోలేదు. అదే మనిషి రెండుమూడేళ్ల అనుభవం చేతబట్టుకొని ఎదుటి కంపెనీ తలుపు తట్టితే, లోపల ఉండగా అయిదేళ్లకైనా రానంత పెంపు ఒక్కసారిగా రావచ్చు. కనుక ఇతర వృత్తులలో సంఘాలు చర్చల బల్ల దగ్గర చేసే పనిని ఈ వృత్తిలో ఒక్కొక్క ఉద్యోగి తన రాజీనామాతో చేస్తాడు.

విశాఖకు ఈ రీతి క్రొత్త. 1933లో రేవు తెరచిన నాటినుంచి ఈ ఊరి కొలువుల స్వభావం వేరు. టైపు లోయరు, హయ్యరు ప్యాసయి రేవు కార్యాలయంలోనో, హిందుస్తాన్ షిప్‌యార్డులోనో, రైల్వేలోనో చేరినవాడు ఆ ఆవరణలోనే జూనియరు అసిస్టెంటై, సీనియరై, సూపరింటెండెంటై, పూలమాలతో ఇంటికి వచ్చేవాడు. అతని ఎదుగుదల అంతా సీనియారిటీ పట్టికలో వ్రాసిపెట్టి ఉండేది. ఉక్కు కార్మికుల వేతనాలు 1969 నుంచి జాతీయ స్థాయిలోని సంయుక్త సంఘపు చర్చలలో తేలుతూ వచ్చాయి. కార్యాలయాలలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు సైతం ఈ క్రమం చెదరలేదు. 1983లో బ్యాంకు యాజమాన్యాలకు, సంఘాలకు కుదిరిన ఒప్పందంలో ఏయే పనులకు యంత్రాలు పెట్టాలో పరిమితులు విధించుకొన్నారు. దానిని ఆనాడు ప్రగతి నిరోధకమని ఎద్దేవా చేసినవారున్నారు. కాని ఆ పరిమితుల నీడలోనే ఒక తరం గుమాస్తాలు లెడ్జరు మూసి కంప్యూటరు తెరచారు, కొలువు పోగొట్టుకోకుండా. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు కూడ బోర్డు మారింది గాని గుమాస్తా ఉద్యోగం పోలేదు. అతడు కొలువు మారకుండా యంత్రం మార్చుకొన్నాడు. అతని కుమారుడు అదే యంత్రం ముందు కూర్చుండి కొలువులు మారుస్తున్నాడు.

ఆ కుమారుని దినచర్యను కొంచెం పరిశీలిద్దాం. గాజువాకలోనో, ఉక్కునగరంలోనో ఇల్లు. రుషికొండలోనో, మధురవాడలోనో ఆఫీసు. పట్టణానికి ఈ కొసనుంచి ఆ కొసకు ప్రయాణం. ఖాతాదారులు ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉంటారు కాబట్టి పని మధ్యాహ్నం మొదలై రాత్రికి ముగుస్తుంది, లేదా రాత్రి మొదలై తెల్లవారుతుంది. తండ్రి ‘ఏ’ షిఫ్టుకు లేచే వేళకు కుమారుని క్యాబ్ ఇంటిముందు ఆగుతుంది. షిఫ్టు అన్నమాట ఇద్దరిదీ ఒకటే. కాని తండ్రి షిఫ్టు ముగిసిందని సైరను చెబుతుంది, కుమారుని షిఫ్టు ముగిసిందో లేదో చెప్పేవారు లేరు. ఎక్కడో ఒక సర్వరు మొరాయిస్తే ‘టికెట్’ వస్తుంది; దానిని ఇన్ని గంటలలో పరిష్కరించాలని గడువు ఉంటుంది; ఆ గంటలన్నీ టైమ్‌షీటులో ఎక్కించాలి. ఎక్కించిన గంటలలో ఖాతాదారునికి బిల్లు వేయదగినవి ఎన్ని అన్నదే అతని విలువకు కొలమానం. ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరకనివారిని ‘బెంచి మీద ఉన్నాడు’ అంటారు. పాఠశాలలో బెంచి ఎక్కించడం ఎటువంటి శిక్షయో ఇదీ అటువంటిదే. 2025 జూన్‌లో టాటా కన్సల్టెన్సీ సంస్థ ప్రతి ఉద్యోగి ఏడాదిలో 225 రోజులు బిల్లుకెక్కే పనిలో ఉండాలని, బెంచి మీద 35 రోజులకు మించరాదని నియమం పెట్టింది. జులైలో ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో సుమారు రెండు శాతాన్ని, అంటే 12 వేల పైచిలుకు మందిని, తగ్గించుకొంటామని ప్రకటించింది. రుషికొండకు వాగ్దానం చేసిన సంఖ్యకూ, ఈ సంఖ్యకూ గల పోలిక కాకతాళీయమే. అయినా ఏప్రిల్ వార్తను చదివి, జులై వార్తను చదివిన విశాఖ తల్లిదండ్రుల మనఃస్థితిని ఊహించుకోవచ్చు.

ఇక మారడమనే ప్రక్రియ. అది రహస్యంగా మొదలవుతుంది. ఇంటర్వ్యూలు మేడమీద గదిలో, సెలవు పెట్టిన పూట జరుగుతాయి. క్రొత్త యజమాని సరేనన్న తర్వాత అసలు చిక్కు ఆరంభమవుతుంది. పెద్ద కంపెనీలలో నోటీసు గడువు తరచు తొంభై రోజులు. క్రొత్తవారికి మనిషి నెలలోగా కావాలి, పాతవారు మూడు నెలలకు గాని విడువరు. చేతిలో మరొక ఆఫర్ లేనిదే రాజీనామా చేసే ధైర్యం చాలదు. రాజీనామా చేసి గడువులో సగం గడపనివానిని ఇంటర్వ్యూకే పిలువని కంపెనీలున్నాయి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదన్న సామెత ఈ సందర్భానికే పుట్టిందేమో! ఆ మూడు నెలల తర్వాత ‘రిలీవింగ్ లెటర్’ అనే కాగితం చేతికి రావాలి. అది లేనివాడు క్రొత్త చోట అడుగు పెట్టలేడు. అంటే ఉద్యోగి విడిచిపోయే హక్కుకు తాళం చెవి, అతడు ఎవరిని విడిచిపోతున్నాడో వారి దగ్గరనే ఉన్నది.

ప్రావిడెంటు ఫండు విషయంలో కొంత మేలు జరిగింది. 2014లో ప్రతి చందాదారునికి జీవితకాలమంతటికీ ఒకే సంఖ్య కేటాయించే పద్ధతి వచ్చిన తర్వాత, పాత నిల్వలను వెంటబెట్టుకొని పోవడం తేలికయింది. గ్రాట్యుటీ అలా కాదు. 1972 నాటి చట్టం అయిదేళ్లు ఒకే చోట పనిచేసినవారికే దానిని అనుగ్రహించింది. మూడేళ్లకొకసారి మారితేగాని జీతం పెరగని వృత్తిలో అయిదేళ్ల స్థిరత్వానికి ఇచ్చే బహుమానం ఎందరికి దక్కుతుంది? ఇరవై ఏళ్లు పనిచేసి ఒక్క రూపాయి గ్రాట్యుటీ ఎరుగనివాడు ఈ పద్ధతిలో ఉండడానికి వీలున్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన క్రొత్త కార్మిక స్మృతులు నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాదికే ఆ సౌకర్యం కలిగించాయి. తక్కిన సాధారణోద్యోగికి అయిదేళ్ల నియమం అలాగే ఉన్నది.

ఇంతవరకు చెప్పినది బెంగుళూరు, హైదరాబాదు ఉద్యోగులకూ వర్తిస్తుంది. విశాఖ ఉద్యోగి ప్రత్యేక సమస్య ఇప్పుడు వస్తున్నది. హైదరాబాదులో కొలువు మారినవాడు మరునాడు అదే ఇంటినుంచి మరొక దారిన ఆఫీసుకు పోతాడు. విశాఖలో కొలువు మారదలచినవాడు చాలా సందర్భాలలో సాయంకాలం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కవలసి ఉంటుంది. కారణం సులభం. అతని అనుభవాన్ని కొనగల యజమానులు ఊరిలో కొద్దిమందే. ఆ సంగతి ఆ కొద్దిమందికీ తెలుసు. ‘సొంత ఊరిలో, అమ్మానాన్నల దగ్గర ఉంటావు, ఖర్చు తక్కువ’ అనే మాట జీతం నిర్ణయించే వేళ తరచు వినబడుతుంది. ఊరిమీది మమకారాన్ని జీతంలో కోసుకోవడమన్నమాట! ఒక్కడే అంగడివాడు ఉన్న సంతలో రైతు వంకాయలకు ధర ఎలా పలుకుతుందో ఇదీ అలాగే పలుకుతుంది.

స్త్రీల విషయంలో ఇది మరింత కఠోరం. భర్త ఉక్కు కర్మాగారంలోనో, రేవులోనో ఉంటే అతని కొలువు ఊరు కదలదు. ఆమె కంపెనీ మారాలంటే ఊరు మారాలి. ఊరు మారడమంటే సంసారాన్ని రెండుగా చీల్చడం. కనుక ఆమె మారదు. మారదు కాబట్టి ఆమె జీతం పెరగదు. ఆమె తోటివారు నాలుగు కంపెనీలు మారి టీము లీడర్లైన నాడు, ఆమె అక్కడే ఉండి తన కన్న చిన్నవారికి పని నేర్పుతూ ఉంటుంది. సామర్థ్యంలోని తేడా అని దీనిని ఎవరైనా అంటే అది అన్యాయపు మాట.

ఈ ఊరిలో యజమానులు ఎందుకు పెరగలేదన్నదానికి చరిత్ర ఉన్నది. ఈ శతాబ్దపు తొలి దశకంలో సత్యం కంప్యూటర్స్ ఇక్కడ కేంద్రం నడిపింది. 2009 జనవరి 7న ఆ సంస్థ అధిపతి 7 వేల కోట్ల పైచిలుకు తప్పుడు లెక్కలను స్వయంగా ఒప్పుకోగా, కొద్ది నెలలకే అది టెక్ మహీంద్రా చేతికి పోయింది. రేసపువానిపాలెంలోని కూడలిని జనం నేటికీ సత్యం జంక్షన్ అనే పిలుస్తారు. 2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో హైదరాబాదు తెలంగాణ రాజధానిగా మిగిలింది. పెద్ద కంపెనీల ప్రధాన కేంద్రాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరిని అతలాకుతలం చేసింది. అద్దాల మేడలకు సముద్రతీరం ఎంత సుందరమో అంత ప్రమాదకరమని ఆనాడు తెలిసింది.

ఈ పరిస్థితిని కొంతకాలం తలక్రిందులు చేసింది 2020 నాటి మహమ్మారి. ఆఫీసులు మూతపడగా బెంగుళూరు, చెన్నై, హైదరాబాదులలోని విశాఖ బిడ్డలు ఇళ్లకు తిరిగివచ్చి, సీతమ్మధారలో, పెందుర్తిలో, గోపాలపట్నంలో తమ చిన్నప్పటి గదులలోనే కూర్చుండి పనిచేశారు. ఆ రెండేళ్లలో కంపెనీలు మారినవారు ఎందరో. ఊరు మాత్రం మారలేదు. పాత కంపెనీ ల్యాప్‌టాప్ కొరియరులో తిరిగిపోయేది, క్రొత్తది వచ్చేది. విశాఖనుంచి ఈ పని సాధ్యమా అన్న సందేహం ఆనాటితో తీరిపోవలసింది. 2023 అక్టోబరు నాటికి మళ్లీ ఆఫీసులకు రమ్మన్నారు. అదే నెల 16న ఇన్ఫోసిస్ ఇక్కడ తన కేంద్రాన్ని ప్రారంభించింది. తిరిగి రావలసిన ఆఫీసు విశాఖలోనే ఉండడం కొందరికి లభించిన అదృష్టం.

ఈ దృష్టితో చూచినప్పుడు ఒక పెద్ద సంస్థ తెచ్చే 12 వేల ఉద్యోగాలకంటె, ఇరవై మధ్యరకపు సంస్థలు తెచ్చే 12 వేల ఉద్యోగాలు విశాఖకు ఎక్కువ మేలు చేస్తాయి. మొదటి పద్ధతిలో ఉద్యోగి కాలు నిలుస్తుంది, రెండవ పద్ధతిలో కాలు నిలవడమే గాక నోరు లేస్తుంది. పెద్ద సంస్థ వస్తే దాని వెంట చిన్నవి వస్తాయని ప్రభుత్వం వారి వాదం. అది నిరాధారమైనది కాదు. హైదరాబాదులో అలాగే జరిగింది. కాని అక్కడ అది జరగడానికి రెండు దశాబ్దాలు పట్టింది. డేటా కేంద్రాల సంగతి వేరు. వాటి నిర్మాణానికి చేతులు వేలసంఖ్యలో కావాలి. నిర్మాణం ముగిసిన తర్వాత యంత్రాలకు కావలసినది విద్యుత్తు, నీరు, కొద్దిపాటి కాపలా. ఈ సత్యం రేవు పట్టణంవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఖనిజానికి కన్వేయరు బెల్టులు వచ్చినప్పుడు, సరకులకు కంటైనర్లు వచ్చినప్పుడు ఎగుమతులు పెరిగాయి, ఎత్తే చేతులు తగ్గాయి.

రేవు, ఉక్కు కొలువులు స్వర్గధామాలని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. 1966లో ప్రజలు ప్రాణాలొడ్డి పోరాడి సాధించుకొన్న ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటాను పూర్తిగా అమ్మివేయడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ సహాయం ప్రకటించినా, అదే ఏడు స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలూ, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులూ చూశాం. అయితే అక్కడ తొలగింపు జరిగితే గేటు దగ్గర జెండా లేస్తుంది, మరునాడు పత్రికలో పడుతుంది. రుషికొండమీద ఒక మనిషిని పిలిచి, రాజీనామా నీవే వ్రాసి ఇమ్మంటే ఆ వార్త అతని ఇంటి గడప దాటదు.

చట్టం చేయగలిగినది కొంత ఉన్నది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళలు మొదలైన పలు నిబంధనలనుంచి ఈ పరిశ్రమకు ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. క్రొత్త వేతన స్మృతి ప్రకారం ఉద్యోగం మానినవానికి రావలసిన వేతన బకాయి రెండు పనిదినాలలో చెల్లించాలి. నెలల తరబడి ‘సెటిల్‌మెంటు’ కోసం ఉత్తరాలు వ్రాసినవారికి దీని విలువ తెలుస్తుంది. కాని తొంభై రోజుల నోటీసు ఒప్పంద పత్రంలోని షరతుగానే సాగుతున్నది. 99 పైసలకు కొండను ఇచ్చిన ప్రభుత్వానికి, ఆ కొండమీద నోటీసు గడువు ముప్పై రోజులకు మించరాదని, విడుదల పత్రాన్ని ఆఖరి పనిదినం నాడే ఇవ్వాలని, ఏటా ఎందరు చేరారో దానితోపాటు ఎందరు ఏ కారణంగా విడిచిపోయారో కూడ తెలియజేయాలని షరతు వ్రాయడానికి అధికారం లేదా? భూమి ఒప్పందాలలో ఉద్యోగాల సంఖ్యను వ్రాసుకోగలిగినప్పుడు ఈ మూడు వాక్యాలను వ్రాసుకోవడం కష్టం కాదు. రాబోయే భూకేటాయింపుల పత్రాలు మంత్రివర్గం ముందుకు పోయేలోగా విశాఖ శాసనసభ్యులైనా ఈ సంగతి అడగాలి.