సీజను ముగిస్తే హక్కు ముగియదు

లే ఆఫ్ వేరు, రిట్రెంచ్‌మెంట్ వేరు. కరెంటో ముడిసరుకో లేక, యంత్రం చెడి, సరుకు పేరుకుపోయి, ప్రకృతి వైపరీత్యం వచ్చి యజమాని పని ఇవ్వలేకపోతే అది లే ఆఫ్. అప్పుడు పని ఆగుతుంది గాని కొలువు తెగదు. కొలువునే తెంచేస్తే అది రిట్రెంచ్‌మెంట్. బట్టల మిల్లుల్లో పెద్ద ఎత్తున పని ఆగిన 1953లో ఈ రెండింటికీ నష్టపరిహారం నిర్ణయిస్తూ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక అధ్యాయం చేర్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ రక్షణల చట్రాన్ని నిలుపుకుంది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఈ రక్షణల ఊసు అరుదుగా వినిపిస్తుంది. ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లుల దగ్గరా, ఎమ్మిగనూరు, గూడూరు మగ్గాల దగ్గరా స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: పత్తి వస్తే పని, రాకుంటే లేదు, సీజను కూలికి పరిహారం ఏమిటి? యజమానులే కాదు, కూలీలూ దీన్ని నమ్ముతారు. ఈ నమ్మకానికి ఆధారంగా చూపేవి మూడు వాదాలు. సీజను పనికి కొనసాగింపు ఉండదన్నది మొదటిది. ముక్క లెక్కన కూలి తీసుకునేవాడు ఉద్యోగి కాడన్నది రెండోది. భద్రత అడిగితే మిల్లే మూతపడుతుందన్నది మూడోది. మూడూ నిలిచేవి కావు.

మొదటి వాదంలో కొంత నిజముంది. సీజను సంస్థలకు లే ఆఫ్ పరిహారం వర్తించదని చట్టమే చెప్పింది. 50 మందికన్నా తక్కువ పనిచేసే సంస్థలకూ అంతే. అయితే ఆ మినహాయింపు లే ఆఫ్‌కే పరిమితం. కొలువు తెంచే సందర్భంలో ఏడాది నిరంతర సేవ ఉన్న కార్మికుడికి నెల నోటీసు లేదా నెల జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలన్న నియమానికి సీజను అడ్డు రాదు, సంస్థ చిన్నదన్న సాకూ పనికిరాదు. ఆ పరిహారం చెల్లించకుండా తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1960లోనే తేల్చింది. ఒక మిల్లు సీజనుదా కాదా అన్న తగవు వస్తే తేల్చాల్సింది ప్రభుత్వం. యజమాని మాట ఒక్కటే చాలదు.

సీజను ముగిసి పని ఆగడం రిట్రెంచ్‌మెంట్ కాదని 1995లో మొరిండా సహకార చక్కెర మిల్లు కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఈ తీర్పును చూపి చాలామంది అక్కడే ఆగిపోతారు. అదే తీర్పు మరో మాట కూడా చెప్పింది. మిల్లు సీజను కార్మికుల రిజిస్టరు ఉంచాలి. కొత్త సీజను మొదలైనప్పుడు చుట్టుపక్కల ప్రకటన ఇచ్చి, సీనియారిటీ ప్రకారం వాళ్లనే పనిలోకి తీసుకోవాలి. అంటే రెండు సీజన్ల మధ్య బంధం తెగదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఇంకా స్పష్టంగా లెక్క కట్టింది. సీజను సంస్థ నడిచిన రోజుల్లో 75 శాతం పనిచేస్తే అది నిరంతర సేవే. ఒక్కో సీజనుకు 7 రోజుల వేతనం గ్రాట్యుటీగా జమ అవుతుంది. సీజనును సేవగా లెక్కించడం సాధ్యం కాదనేవారికి ఈ చట్టమే సమాధానం.

సాధ్యమైన ఆ లెక్కను కొన్ని చట్టాలు కావాలనే వదిలేశాయి. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను బయట ఉంచుతూ కొన్ని పనులను పేరు పెట్టి చెప్పింది: పత్తి జిన్నింగ్, పత్తి ప్రెస్సింగ్, వేరుశనగ కాయ ఒలవడం. ఆదోని ప్రాంతంలో పంటను నమ్ముకున్న మిల్లు పనులు సరిగ్గా ఇవే. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా సీజనల్ ఫ్యాక్టరీలకు ఆ తలుపు తెరవలేదు. 2020లో ఈఎస్ఐ కార్పొరేషన్ ఉద్యోగం పోయిన బీమాదారులకు 90 రోజుల వరకు సగం వేతనం ఇచ్చే వెసులుబాటు కల్పించినప్పుడు, బీమాలోనే లేని జిన్నింగ్ కార్మికుడికి ఆ సాయం అందే వీలు లేకపోయింది. అతని అభద్రతకు ఋతువు కారణం కాదు. ఆ గీత మనుషులు గీసిందే.

రెండో వాదం, ముక్క కూలివాడు ఉద్యోగి కాడన్నది, యాభై ఏళ్ల కిందటే వీగిపోయింది. ఆంధ్రప్రదేశ్ దుకాణాల, సంస్థల చట్టం కింద వచ్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, ముక్క లెక్కన కుట్టే దర్జీలు, కొన్నిసార్లు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు కూడా, ఉద్యోగులేనని 1973లో సుప్రీంకోర్టు చెప్పింది. పని నచ్చకపోతే తిప్పి పంపే అధికారం ఎవరిదో చూడమంది. షెడ్డులో యజమాని మగ్గం మీద, యజమాని ఇచ్చిన నూలుతో నేసే కూలి నేతగాడికి కూడా ఇదే కొలబద్ద పెట్టి చూడాలి. ప్రభుత్వ సాయాలూ అతణ్ని దాటిపోతుంటాయి. 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం కింద ఏటా వచ్చిన రూ. 24,000 సొంత మగ్గం ఉన్న కుటుంబాలకే. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం నేతగాడి పేరును సభ్యుడిగా పుస్తకంలోకి ఎక్కించింది. పేరు పుస్తకంలో ఉంటే మనిషి లెక్కలో ఉంటాడని ఈ సీమకు ఎనిమిది దశాబ్దాలకు పైగా తెలుసు.

మూడో వాదం ఖర్చుది. లే ఆఫ్ పరిహారం మూల వేతనం, కరువు భత్యం కలిపిన దానిలో సగం. ఏడాదిలో 45 రోజులు పని ఆగితే అది 22 రోజులన్నర వేతనానికి మించదు. పదేళ్లు పనిచేసినవాణ్ని తీసేస్తే 150 రోజుల వేతనం. మిల్లును కుంగదీసేవి పత్తి ధరలు, వాన లేని ఏళ్లు, బ్యాంకు వడ్డీలు. వాటి భారాన్ని అందరికన్నా బక్కవాడి మీదికి నెట్టడం పరిశ్రమను కాపాడటం కాదు. చిన్న యజమానికి నిజంగా మోయలేని బరువైతే దానికి మార్గం ఉమ్మడి నిధి. కొవిడ్ కాలంలో బ్రిటన్‌లో 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా నడిచిన ఫర్లో పథకం పనిలేని గంటలకు వేతనంలో 80 శాతం దాకా, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా ఉద్యోగికి దక్కేలా చేసింది. ఖర్చులో అధిక భాగం ప్రభుత్వానిదే. ఇక్కడ 2020 మార్చి 29న పూర్తి వేతనం ఇవ్వమని యజమానులకు ఉత్తర్వు వెళ్లింది, డబ్బు వెళ్లలేదు. మే నెలలో ఆ ఉత్తర్వునూ ఎత్తేశారు. సీజను మిల్లులను ఈఎస్ఐలోకి తేవడమే ఈ వాదానికి సరైన జవాబు.

ఇక అసలు చిక్కు సాక్ష్యానిది. నిరంతర సేవ రుజువుకు 12 నెలల్లో 240 రోజులు పనిచేశానని చూపాల్సిన బాధ్యత కార్మికుడిదేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. జీతమిచ్చే ఆదివారాలు, సెలవులు ఆ 240లోకి వస్తాయని 1985 తీర్పు ఉంది. నిబంధనల ప్రకారం లే ఆఫ్‌లో గడిచిన రోజులూ కలుస్తాయి. దినకూలీల చేతిలో నియామక పత్రాలు ఉండవని 2005లో కోర్టే ఒప్పుకుని, హాజరు పట్టీలు తెప్పించమని కార్మికుడు కోరవచ్చని చెప్పింది. పట్టీలో పేరే లేకపోతే తెప్పించేది ఏముంటుంది? లే ఆఫ్ నిర్వచనమే హాజరు పట్టీలో పేరున్నవారితో మొదలవుతుంది.

ఈ సీమలో పని దొరకని కుటుంబం సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతుంది. గుంటూరు మిరప చేలల్లో కోతకు దిగుతుంది. లే ఆఫ్ పరిహారం కావాలంటే రోజుకోసారి మిల్లుకు వచ్చి కనిపించాలని చట్టం అంటుంది. సగం కూలి ఇవ్వకుండానే రోజూ గేటు దగ్గర నిలబడమంటే ఇల్లు గడవదు. పొట్ట కోసం వెళ్లినవాణ్ని "తనే మానేశాడు" అని రాసుకోవడం మోసం. విచారణ లేకుండా గైర్హాజరు పేరుతో తీసేయడం చెల్లదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టపూర్వకంగా మానుకుంటున్నానన్న కాగితం మీద సంతకం పెట్టనంత వరకు పరిహారం హక్కు బతికే ఉంటుంది. తొలగించిన కార్మికుడు సంఘంతో పని లేకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే దారిని ఆంధ్రప్రదేశ్ 1987లోనే తెరిచింది. దేశమంతటికీ ఆ వీలు 2010లో వచ్చింది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ఇలాంటి వివాదాలకు రెండేళ్ల గడువు పెట్టింది కాబట్టి ఆలస్యం చేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

కాబట్టి కావలసినవి నాలుగు: మేస్త్రీ నోటి లెక్క కాకుండా ప్రతి మిల్లులో, ప్రతి షెడ్డులో పేరుతో హాజరు పట్టీ, కూలి ఇచ్చిన ప్రతిసారీ రసీదు, సీజను కార్మికుల రిజిస్టరూ అందులోని వరుస ప్రకారం మళ్లీ పిలుపూ, చివరగా జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులకు ఈఎస్ఐ. మొదటి మూడూ ఇప్పటికే ఉన్న చట్టాల నుంచీ తీర్పుల నుంచీ వచ్చేవే. వాటిని అమలు చేయించాల్సింది కార్మిక శాఖ. నాలుగోదానికి చట్టం మారాలి. ఆదోని మార్కెట్‌ యార్డుకు ఏటా తొలి పత్తి బండి వచ్చేసరికి, కిందటి సీజనులో పనిచేసినవారి పేర్ల జాబితా మిల్లు గేటు మీద ఉండాలి.